వీధి ముఖాన్ని కాపాడే నిబంధన నెల్లూరుకూ కావాలి

సంపాదకులకు నమస్కారములు.

అయ్యా,

నెల్లూరు మూలాపేటలో మేమున్న వీధిలో నాలుగేళ్ళలో ఎనిమిది పాత మండువా ఇళ్ళు కూలగొట్టారు. ఏడో ఇంటి అరుగును పగలగొడుతున్న ఫోటోను మా తమ్ముడు ఫోనుకు పంపిన సాయంత్రం నేను ఊళ్ళో లేను. లండనులో మా అమ్మాయి ఇంట్లో ఆరు నెలలు ఉండి రావడానికి వెళ్ళి, ఆ పూట బ్లూమ్స్‌బరీ ప్రాంతంలోని బెడ్‌ఫర్డ్ స్క్వేరులో, సుమారు రెండు వందల నలభై ఏళ్ళ నాటి ఇళ్ళ వరుస ముందు నిలబడి ఉన్నాను. ఆ ఇళ్ళలో ఒక్కదాని గుమ్మాన్ని కూడా సొంతదారు తన ఇష్టప్రకారం మార్చడానికి వీల్లేదు. ముప్పై రెండేళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా ఇళ్ళ ప్లాన్లు గీసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఏ ఇంటిని చూసినా గోడ మందం, కిటికీ కొలత ముందుగా కంటబడటం నాకు అలవాటు. అక్కడ చూసినదాన్నీ, ఇక్కడ మనం చేయగలిగినదాన్నీ మీ పత్రిక ద్వారా నెల్లూరు వాసుల ముందు, మన నగరపాలక సంస్థ ముందు ఉంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదటి జార్జి గద్దెనెక్కిన 1714 నుంచి నాలుగో జార్జి చనిపోయిన 1830 వరకు ఇంగ్లండులో లేచిన కట్టడాలను జార్జియన్ కట్టడాలంటారు. బెడ్‌ఫర్డ్ స్క్వేరును 1775, 1783 సంవత్సరాల మధ్య బెడ్‌ఫర్డ్ డ్యూకుల ఎస్టేటు భూమిలో కట్టారు. నడుమ కోడిగుడ్డు ఆకారంలో ఒక తోట, తోట చుట్టూ దారి, ఆ దారి వెంబడి నాలుగు వైపులా ఒకదానికొకటి అంటుకుని నిలిచిన ఇళ్ళు: ఇదీ దాని అమరిక. మన ఇంటికి నడుమ మండువా ఎలాగో, అక్కడ వాడ మొత్తానికి ఆ తోట అలాగ. ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఉమ్మడి. నేల కింద వంటిల్లు, నౌకర్లు పనిచేసే గదులు, పైన మూడు అంతస్తులు, ఆ పైన పలకరాతి కప్పు కింద అటక గదులు. ఆ కాలంలో లండను కప్పులకు పలకరాయి ఎక్కువగా వేల్స్ గనుల నుంచి వచ్చేది. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన నాకు, ఆ కప్పుల మీద వాన పడి అవి నల్లబడి మెరుస్తుంటే, తడిగుడ్డతో తుడిచిన బడి పలక గుర్తొచ్చింది.

ఆ ఇళ్ళలో చాలావాటిని విడిగా తీసి చూస్తే చెప్పుకోదగ్గ అలంకారమేమీ కనిపించదు. వీధివైపు మూడేసి కిటికీలున్న సాదా ఇటుక గోడ, అంతే. ఒక్కొక్క వరుస మధ్యభాగానికి మాత్రం తెల్లని గచ్చు పూసి, గోడకంటిన స్తంభాలు నిలిపి, నెత్తిన త్రికోణపు శిఖరం పెట్టారు. దానికి కుడి ఎడమల ఇటుక ఇళ్ళు ఒకే ఎత్తున, ఒకే లెక్కన సాగిపోవడం వల్ల, తోట అవతలి నుంచి చూసేవాడికి వరుస యావత్తూ ఒక్క రాజభవనంలా కనిపిస్తుంది. కాపురాలు ఎవరివి వారివే అయినా ముఖం అందరిదీ ఒకటే. నేల అంతస్తు మీది అంతస్తులో అతిథులను కూర్చోబెట్టే పెద్ద గది ఉంటుంది గనుక అక్కడి కిటికీలు అన్నిటికంటే పొడవుగా ఉంటాయి. అక్కడి నుంచి పైకి పోయేకొద్దీ పొడవు తగ్గుతూ చివరి అంతస్తులో కిటికీ దాదాపు చదరమవుతుంది. వెడల్పులో మాత్రం తేడా రాదు. ఆ లెక్క ఒక్కటే ఆ గోడకున్న నగ.

ఈ ఒద్దికలో సగం చట్టం వల్ల వచ్చిందని తెలిసినప్పుడు, జీవితమంతా నిబంధనల ప్రకారం ప్లాన్లు గీసినవాడిగా నాకు చాలా సంతోషం కలిగింది. 1666లో లండను నగరం తగలబడిపోయాక, మంట ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకకుండా వరుసగా చట్టాలు చేశారు. కిటికీ కొయ్య చట్రం గోడ బయటి అంచు నుంచి నాలుగు అంగుళాలు లోపలికి ఉండాలని 1709లో నిర్దేశించారు. 1774 నాటి చట్టం ఆ చట్రాన్ని ఇటుక చాటునే దాచమన్నది. ఇళ్ళను నాలుగు తరగతులుగా విడదీసి, ఏ తరగతి ఇంటి ఉమ్మడి గోడ ఎంత మందం ఉండాలో నిర్ణయించింది. 850 పౌండ్లకు మించిన విలువ, 900 చదరపు అడుగులకు మించిన నేల ఉన్న ఇల్లు మొదటి తరగతి. ఈ చట్టం వచ్చిన మరుసటి ఏడే బెడ్‌ఫర్డ్ స్క్వేరు మొదలైంది. దానికి తోడు, స్థలాన్ని కౌలుకిచ్చిన ఎస్టేటు, ఇంటి ముందుభాగం ఎలా ఉండాలో కట్టేవారితో ముందే ఒప్పందం రాయించుకుంది. లోపల గదులు ఎవరికి నచ్చినట్టు వారు పెట్టుకోవచ్చు, వీధికి కనిపించే గోడ మాత్రం ఒప్పందం ప్రకారమే ఉండాలి. అగ్గిభయంతో పెట్టిన ఆ నాలుగు అంగుళాల నిబంధన వల్లనే ఇవాళ మధ్యాహ్నపు ఎండలో ఆ కిటికీలన్నిటికీ చుట్టూ ఒకే మందాన సన్నని నీడగీత పడుతుంది.

ఒక గుమ్మం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నల్లరంగు తలుపు, దాని మీద అర్ధచంద్రాకారంలో సన్నని ఊచల మధ్య అద్దాలు పొదిగిన కిటికీ, చుట్టూ కమాను. కమాను దిమ్మల మీద, చెద తిన్న కొయ్యలో కనిపించేలాంటి మెలికల గాడులు చెక్కినట్టుగా ఉన్నాయి. నడినెత్తిన ఉన్న దిమ్మ మీద గడ్డం మనిషి ముఖం. ఇన్నేళ్ళ పొగకూ మంచుకూ మెత్తని రాయి అయితే ముక్కు అరిగిపోవాలి. కానీ ఆ ముఖంలో గడ్డపు పాయలు ఇంకా విడివిడిగా తెలుస్తున్నాయి. తరువాత చదివి తెలుసుకున్నదేమిటంటే అది రాయే కాదు. ఎలియనోర్ కోడ్ అనే ఆవిడ 1769 నుంచి లండనులోని లాంబెత్‌లో సొంతంగా కార్ఖానా నడిపి, మట్టికి ముందే కాల్చి దంచిన మట్టిపొడి, చెకుముకి రాయి పొడి, గాజు పొడి కలిపి, అచ్చుల్లో అదిమి, బట్టీలో కాల్చి చేయించిన కృత్రిమ శిల అది. అచ్చు ఒకటే కాబట్టి గుమ్మాలన్నిటికీ అదే నాణ్యత వచ్చింది. ఆ కాలంలో ఒక స్త్రీ అంత పెద్ద వ్యాపారాన్ని తన పేరు మీద నడిపిందన్న సంగతి ఆ గుమ్మాల అందానికి తక్కువదేమీ కాదని నా అభిప్రాయం.

లండనులో ఏటా సెప్టెంబరు నెలలో కొన్ని భవనాలను జనానికి తెరిచి చూపే ఆనవాయితీ ఉంది. అలా ఆ కాలపు ఇల్లొకటి లోపల చూసే అవకాశం దొరికింది. అక్కడి కిటికీ రెక్కలు మన వాటిలా పక్కకు తెరుచుకోవు, పైకీ కిందికీ జరుగుతాయి. చట్రం పక్కన ఇటుక చాటున ఉన్న కొయ్య పెట్టెలో ఇనుప బరువు వేలాడుతుంది; తాడు కప్పీ మీదుగా వచ్చి రెక్కను పట్టుకుంటుంది. రెక్క బరువూ ఇనుప బరువూ సమానం కావడం వల్ల, నా ఛాతీ ఎత్తున్న ఆ అద్దాల రెక్కను చూపించే అమ్మాయి రెండు వేళ్ళతో పైకి లేపి వదిలితే అది ఎక్కడ వదిలితే అక్కడే ఆగింది. తాడు తెగితే మార్చుకోవచ్చు, కొయ్య అడుగుభాగం కుళ్ళితే ఆ మేరకు కోసి కొత్తముక్క అతకవచ్చు. మరమ్మతుకు లొంగే వస్తువు ఎంతకాలమైనా బతుకుతుందని మా వడ్రంగి పెద్దాయన అనేవాడు. ఆ మాటకు అంతకంటే మంచి రుజువు నేను చూడలేదు.

ఇవన్నీ చూస్తున్నంతసేపూ నా మనసు మా వీధిలోనే ఉంది. మా చిన్నతనంలో మూలాపేటలో ఆ వీధి ఇళ్ళు కూడా గోడకు గోడ ఆనుకునే ఉండేవి. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అరుగులు ఒకే ఎత్తు. వానాకాలంలో గుడికి పోయే ముసలివాళ్ళు వీధిలో దిగకుండా, పంచల చూరు కిందే అరుగు మీంచి అరుగు మీదికి నడిచిపోయేవారు. అరుగు మీద నాలుగేసి టేకు స్తంభాలు, స్తంభానికి కింద రాతి పీట, పైన అరటిపువ్వు చెక్కిన బోదె. పెంకుల చూరు దారం పట్టినట్టు ఒకే గీతలో ఉండేది. ఇందుకోసం ఎవరూ ఒప్పందం రాసుకోలేదు. పక్కింటి అరుగు కంటే తన అరుగు ఎత్తు పెంచడం తప్పనే మర్యాద ఒక్కటే ఆ వీధిని అలా నిలిపింది. బెడ్‌ఫర్డ్ స్క్వేరులో కాగితం చేసిన పనిని మన వీధిలో ఆ మర్యాద చేసింది. ఇప్పుడు ఆ మర్యాద సన్నగిల్లింది గనుక దాని స్థానంలో మనకు కాగితం అవసరమైంది.

అక్కడ కూడా ఆ ఇళ్ళు వాటంతటవే నిలవలేదు. బ్లూమ్స్‌బరీలోనే టోరింగ్టన్ స్క్వేరు పాత ఇళ్ళు విశ్వవిద్యాలయ విస్తరణలో చాలావరకు పోయాయి. థేమ్స్ నది ఒడ్డున, ఆ కాలపు పేరున్న భవనశిల్పులు ఆడమ్ సోదరులు కట్టిన అడెల్ఫీ వరుసను 1936లో పడగొట్టారు. ఆ మరుసటి ఏడే ఈ ఇళ్ళ రక్షణకు జార్జియన్ గ్రూప్ అనే సంఘం ఏర్పడింది. ఐర్లండులోని డబ్లిన్‌లో, ఎడతెగని జార్జియన్ ఇళ్ళ బారుకు పేరుపడ్డ ఫిట్జ్‌విలియం వీధిలో, 1960లలో విద్యుత్ సంస్థ కార్యాలయం కోసం 16 ఇళ్ళను కూలగొట్టారు. వీధి నడుమ పళ్ళూడినట్టున్న ఆ లోటును చూసి ఆ ఊరివారు దశాబ్దాలపాటు బాధపడ్డారు. పోగొట్టుకున్న తరువాతనే వాళ్ళూ మేల్కొన్నారు. ఇంగ్లండులో 1947 చట్టంతో చరిత్రాత్మక కట్టడాల జాబితా తయారుచేయడం ప్రభుత్వ బాధ్యత అయింది; జాబితాలోని కట్టడాన్ని మార్చాలంటే ప్రత్యేకమైన అనుమతి తీసుకోవాలని 1968లో నియమం వచ్చింది. అనుమతి లేకుండా పాత కిటికీ పీకేసి ప్లాస్టిక్ కిటికీ పెట్టినా అది నేరమే. ఆ జాబితాలో నూటికి రెండున్నర వంతు మాత్రమే మొదటి శ్రేణివి. బెడ్‌ఫర్డ్ స్క్వేరు ఇళ్ళు ఆ శ్రేణిలో ఉన్నాయి.

రక్షణ అంటే తాళం వేసి మ్యూజియం చేయడమని మనవాళ్ళలో ఒక భయం ఉంది. ఆ స్క్వేరులో అలాంటిదేమీ జరగలేదు. మొదట సంపన్నులు, న్యాయవాదులు కాపురమున్న ఇళ్ళవి. 1831లో ఇంగ్లండు వెళ్ళిన మన రాజా రామ్మోహన్ రాయ్ 49వ నంబరు ఇంట్లో ఉన్నారు. ఆ సంగతి చెప్పే ఫలకం ఇప్పటికీ ఆ గోడ మీద ఉంది, దాన్ని చదువుతుంటే నా కళ్ళు చెమ్మగిల్లాయి. 47వ నంబరు ఇంట్లో 1849లో ఆడవాళ్ళ కోసం ఒక కాలేజీ మొదలైంది. తరువాత పుస్తక ప్రచురణ సంస్థలు వచ్చాయి; ఇవాళ భవన నిర్మాణ శాస్త్రం చెప్పే పాఠశాల ఒకటి పక్కపక్కనున్న కొన్ని ఇళ్ళలో నడుస్తోంది. వాడకం ఎన్నిసార్లు మారినా గోడ, గుమ్మం, కిటికీ, మెట్లదారి మారలేదు.

తెల్లదొరల ఇళ్ళతో మనకేం పని అని అడిగేవారుంటారు. వారి ప్రశ్నలో న్యాయముంది. ఆ స్క్వేరు పూర్తయిన పద్దెనిమిదేళ్ళకే, 1801లో, నెల్లూరు సీమ కంపెనీ ఏలుబడిలోకి పోయింది. ఆ తోట ఇప్పటికీ అందరిదీ కాదు, తాళంచెవి ఉన్నవారిదే. ఇళ్ళ ముందు కటకటాల అవతల ఉన్న గొయ్యిలోకి వంగి చూస్తే, తెల్లవారుజాము నుంచి పొయ్యిల దగ్గర పనిచేసిన నౌకర్లకు వెలుతురు ఎంత మాత్రం అందేదో అర్థమవుతుంది. ఆ దొరతనాన్ని నేను మెచ్చుకోవడం లేదు. వీధి ముఖం వీధిలోని అందరి ఉమ్మడి ఆస్తి అని వాళ్ళు రాసుకున్న ఆ ఒక్క నియమాన్ని తెచ్చుకుందామంటున్నాను.

నెల్లూరులో పాత ఇళ్ళు పోవడానికి కారణం కేవలం నిర్లక్ష్యం కాదని కూడా చెప్పాలి. అక్కడ భూమి ఒక ఎస్టేటు చేతిలో ఉండటం వల్ల వరుస చెదరలేదు. ఇక్కడ ఒక ఇల్లు తండ్రి తరువాత నలుగురు అన్నదమ్ములకు, వారి తరువాత పదిమందికి పంపకమవుతుంది. మండువా నడుమ గోడ లేస్తుంది. గోడ లేచిన నాడే గాలీ వెలుతురూ పోయి ఆ ఇల్లు కాపురానికి పనికిరాకుండా పోతుంది. ఒకరు తమ వాటా అరుగు తీసేసి షట్టరు పెట్టుకుంటారు. ఇంకొకరు అద్దె రాని వాటాను ఎంతకాలం పెట్టుకుంటామని బిల్డరుకు రాసిచ్చేస్తారు. వారిని తప్పుపట్టే మనసు నాకు రాదు. ఇంటిని నిలుపుకున్నవారికి పైసా లాభం చూపని ఊరు, అమ్ముకున్నవారిని నిందించకూడదు.

నిలుపుకోవాలని చూసినా సరైన మరమ్మతు తెలిసినవారు దొరకడం లేదు. ఇది మా ఇంటి అనుభవమే. పన్నెండేళ్ళ క్రితం మా పంచ గోడ కింది భాగాన పూత రాలుతోందని ఒక కాంట్రాక్టరును పిలిచాం. గోడ నా తాతల నాటిది; పెన్నా ఇసుక, గానుగలో ఎద్దులతో నూరిన సున్నం, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపి కట్టినది. ఆయన సున్నపు పూతను చెక్కించి, నడుము ఎత్తు వరకు మంచి సిమెంటు పూత వేయించాడు. మూడు వర్షాకాలాలు బాగానే ఉంది. నాలుగో ఏట సిమెంటు పూత ముగిసిన చోటికి ఎగువన, ఏనాడూ చెమ్మ ఎరగని చోట, గోడకు తెల్లగా ఉప్పు పూసింది. అరచెయ్యంత పెచ్చు ఒకటి చేత్తో లాగితే ఊడి వచ్చింది. దాని వెనక ఇటుక ఎర్రటి పొడిగా మారి ఇసుకలా రాలింది. సున్నం కట్టుబడి చెమ్మను పీల్చి మళ్ళీ బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారిని మూసేస్తుంది, దానితో లోపల చిక్కిన నీరు ఇటుకనే తింటుంది. లండనులో కూడా ఇదే పొరపాటు జరిగింది. ఇటుకల మధ్య సున్నపు దర్జుల్లో సిమెంటు నింపి ఇటుకల ముఖాలు పగిలిపోయాక, ఇప్పుడు రక్షిత ఇళ్ళకు సున్నమే వాడాలని పట్టుబడుతున్నారు. మనకు తెలిసిన విద్యే అది. మన సున్నం నునుపును ఆ రోజుల్లో చెన్నపట్నం వచ్చిన ఇంగ్లీషువారు పాలరాయితో పోల్చారు. చునాం అన్న మాట వాళ్ళ నిఘంటువుల్లోకి ఎక్కింది. అలాంటి చోట ఇవాళ సున్నం నూరి గోడకు పూయగలిగిన తాపీ మేస్త్రీ కోసం నేను మూడు మండలాలు తిరిగాను.

పాత కట్టడాలకు కేంద్రంలో 1958 నాటి చట్టం, మన రాష్ట్రంలో 1960 నాటి చట్టం ఉన్నాయి. గుళ్ళు, కోటలు, శాసనాల వంటివాటిని మనసులో ఉంచుకుని చేసిన చట్టాలవి. మనుషులు కాపురమున్న వీధికి అవి చాలవు. ఉమ్మడి రాష్ట్రంగా ఉన్నప్పుడు హైదరాబాదులో 1990లలోనే పాత భవనాల జాబితా వేసి, మార్పులకు అనుమతి కావాలన్న నియమం తెచ్చారు గనుక ఇది మన పాలనకు కొత్త సంగతేమీ కాదు. నెల్లూరు నగరపాలక సంస్థ మొదటగా మూలాపేట, రంగనాయకులపేటలలో మిగిలిన మండువా ఇళ్ళనూ మిద్దె ఇళ్ళనూ లెక్కించి, కొలిచి, ఫోటోలు తీయించాలి. ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలకు ఒక వేసవి సెలవుల పని అది. ఆ జాబితాలోని ఇళ్ళకు వీధివైపు గోడ, అరుగు, స్తంభాలు, ద్వారబంధం కదిలించకుండా, వెనక భాగాన అవసరమైనంత కట్టుకునే వెసులుబాటు ఇవ్వాలి. నిలుపుకున్నంత కాలం ఆస్తిపన్ను మినహాయించాలి. పన్ను మినహాయించకుండా ఆంక్ష ఒక్కటే పెడితే రాత్రికి రాత్రి అరుగులు కూలిపోతాయి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు అరుగును ఆక్రమణ కింద లెక్కించే పద్ధతి ఈ వీధుల్లో మానుకోవాలి. ఇద్దరు ముగ్గురు ముసలి మేస్త్రీలైనా ఉండగానే పది మంది కుర్రవాళ్ళకు సున్నం పని నేర్పించాలి.

ఇంగ్లండు నుంచి వచ్చాక మా వీధిలో మిగిలిన పదకొండు ఇళ్ళకు యజమానుల అనుమతితో టేపు పట్టి కొలతలు తీసి, అరుగు ఎత్తు దగ్గర నుంచి చూరు గీత దాకా పటాలు గీశాను. అందులో తొమ్మిదిళ్ళ అరుగులు ఇప్పటికీ ఒకదానికొకటి అంగుళం తేడాలో ఉన్నాయి. పన్నెండో ఇంటిని నేను కొలవడం మొదలుపెట్టిన వారానికే స్తంభాలకు సుద్దతో నంబర్లు వేసి లారీ ఎక్కించారు. ఆ పటం సగంలో ఆగింది. నగరపాలక సంస్థ గానీ, ఏదైనా కళాశాల గానీ అడిగితే ఆ పటాలన్నిటికీ నకళ్ళు తీయించి ఉచితంగా ఇస్తాను. మీ విలేఖరి వస్తే ఆ పదకొండు ఇళ్ళకూ దగ్గరుండి తీసుకెళ్తాను. వానాకాలం మొదలుకాకముందే వస్తే మంచిది; వాటిలో రెండిళ్ళ యజమానులు ఈ ఏడు కార్తీకం దాకా ఆగుతామని మాత్రమే చెప్పారు.

భవదీయుడు,
విశ్రాంత డ్రాఫ్ట్స్‌మన్,
మూలాపేట, నెల్లూరు.